చెయ్యి కదిలిన ఫోటో

వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరుచుకుని, దాని మీద కెమెరా విప్పి పెట్టుకుని కూర్చుంది మైనమక్క. కెమెరా అంటే మెడలో వేలాడేసుకునే రకం కాదు. చూపుడువేలంత పొడుగు, అగ్గిపెట్టెలో సగం మందం. గుప్పిట మూస్తే లోపల ఏమైనా ఉందా అని అడగాల్సిందే. పాతసామాన్ల వీధిలో తాళంచెవుల కుప్ప మధ్య దొరికింది. రీలు తిరగదు, షట్టరు పడదు. "కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోండి, అందుకైనా పనికొస్తుంది" అని అమ్మినవాడే చెప్పాడు.

పళ్ళు తయారుచేసే ల్యాబులో మైనంతో పంటి ఆకారం చెక్కడం ఆమె పని. అందుకే అక్కడ అందరికీ ఆమె మైనమక్క. ఆ పేరు ల్యాబు నుంచి ఇంటిదాకా పాకి వచ్చింది. సిటీ బస్సు నడిపే మొగుడు కూడా సరదా పుట్టినప్పుడు అలాగే పిలుస్తాడు. ఆ ఆదివారం ఆయన కంచం చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి తింటున్నాడు.

"మైనమక్కగారూ, ఆ బల్ల మీద నాకు కాస్త చోటెప్పుడిస్తారో?"

"దీనికి ఓ దారి చూపించాక ఇస్తాను. కదిలించకండి, స్ప్రింగు ఎగిరిపోతే ఇల్లంతా మీచేతే ఊడిపిస్తా."

"వారంలో ఆరు రోజులు బస్సు తిప్పి, ఏడో రోజు చీపురు తిప్పాలన్నమాట," అంటూ ఆయన కంచం తీసుకుని అవతలి గదిలోకి పోయాడు.

ఆమె భూతద్దం కంటికి బిగించుకుంది. లోపలి పాత గ్రీజు ఎండి, జిగురులా పట్టేసి ఉంటే, లైటరులో పోసే పెట్రోలుతో కడిగి కడిగి పోగొట్టింది. ఇప్పుడు షట్టరు రేకులు రెండూ అద్దంలా ఉన్నాయి. సన్న పట్టకారుతో ఒక్కో రేకునీ ఎత్తి ఇరుసు మీద కూర్చోబెట్టింది. వెంట్రుకలాంటి స్ప్రింగును కొక్కేనికి తగిలించేటప్పుడు ఊపిరి బిగపట్టింది. ఇరుసుకు నూనె పెట్టాలి. సూదిమొన ముంచి, దులిపి, మొనకు మిగిలినంత మాత్రం తాకించాలి. తాకించి మీట నొక్కింది. షట్టరు పడింది కానీ చప్పుడు కొంచెం పొడిగా అనిపించింది. మళ్ళీ ఒకసారి సూది ముంచి తాకించింది. ఈసారి మెత్తగా, ముద్దుగా పడింది. కిటికీకేసి పట్టుకుని వెనక నుంచి చూస్తూ నొక్కింది. వెలుతురు కన్ను కొట్టినట్టు మెరిసి పోయింది.

"పడిందండీ!" అని అరిచింది.

"ఏది, గిన్నెనా?" అన్నాడాయన అవతలి నుంచి.

ఈ కెమెరాలో పట్టే రీలు బజారులో దొరకదు. మామూలు ఫిల్మును చీకట్లో నిలువునా చీల్చి చుట్టుకోవాలి. సామాన్ల గదికి కిటికీ లేదు. తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, చెక్కముక్కకు రెండు బ్లేళ్ళు బిగించి తానే చేసుకున్న కోత చట్రంలోంచి ఫిల్మును లాగింది. చిటికెనవేలి వెడల్పు పట్టీ వేళ్ళ మీదుగా జారుతుంటే, ఆ చీకట్లో తనలో తనే నవ్వుకుంది. పదేళ్ళుగా సరదాకి పాత కెమెరాలు బాగుచేస్తున్నా, చచ్చిన వస్తువు మళ్ళీ ఊపిరి తీసుకున్న రోజున మాత్రం ఆమెకు కాళ్ళు నేల మీద నిలవవు.

మర్నాడు ఆ కెమెరాను జేబులో వేసుకుని ల్యాబుకి వెళ్ళింది.

ల్యాబు పొడుగాటి గది. ఒక కొసన ప్లాస్టరు కలిపే తొట్టి, తర్వాత ఆమె మైనం బల్ల, తర్వాత పాలిషు చేసే అమ్మాయి, కిటికీ పక్కన మంచి వెలుతురు పడే చోట పింగాణీ బల్ల. దాని పక్కనే పళ్ళు కాల్చే చిన్న కొలిమి. దుమ్ము పీల్చే మోటారు రోజంతా రొద పెడుతూనే ఉంటుంది. పింగాణీ బల్ల దగ్గర కూర్చునేది బాబాయ్. ఆయన ఎవరికీ చుట్టం కాదు, అందరికీ బాబాయే. మైనమక్క ఆ ల్యాబులో చేరిన కొత్తలో కత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే. ముందు పన్ను చెయ్యాల్సి వస్తే, ఆయన అచ్చును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఎవరి నోరమ్మా ఇది?" అని అడిగేవాడు. ఎవరో చెబితే సరే, చెప్పకపోతే తనే చెప్పేవాడు. "ఈయన నిద్రలో పళ్ళు కొరుకుతాడు. ఈవిడకు నవ్వొచ్చినా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఈ పన్ను పెట్టాక ఇక పెట్టుకోదులే, చూడు."

ఆరోజు ఒక టీచరమ్మ ముందు పన్ను చేస్తున్నాడు. తడిపిన పింగాణీ పొడిని బ్రష్ కొసన తీసుకుని పొరపొరగా పేరుస్తున్నాడు. పనిలో ఉంటే ఆయన తల కదలదు, భుజాలు కదలవు. కిటికీ వెలుతురు కళ్ళద్దాల మీద పడుతోంది. మైనమక్కకు చెయ్యి ఊరుకోలేదు. ఇలాంటి చిట్టి కెమెరాలు చేత్తో పట్టుకుంటే ఊపిరికే కదిలిపోతాయి. అందుకని కొలిమి మీద మడత గుడ్డ పెట్టి, దాని మీద కెమెరాను నిలబెట్టింది. వెలుతురు చూసుకుని, దూరం చూసుకుని, ఆయన చూడకుండా మీట నొక్కింది. మోటారు రొదలో షట్టరు చప్పుడు వినపడలేదు. తర్వాత సీసాల వరసనూ, తొట్టినీ, కిటికీనీ కూడా అక్కడి నుంచే తీసింది.

"ఏంటమ్మా, నా కొలిమితో కబుర్లు?" అన్నాడు బాబాయ్ తలెత్తకుండానే.

"మీ గురించే చెబుతోంది," అంది.

ఆ సాయంత్రమే రీలు కడిగింది. నెగెటివ్‌లు కాస్త నల్లగా, మందంగా వచ్చాయి. కిటికీ బొమ్మయితే పూర్తిగా మసి. ఫిల్ము కడిగే మందు నీళ్ళు వేడెక్కి ఉంటాయిలే అనుకుంది. మిగతావి బాగానే ఉన్నాయి. బాబాయ్ ఫోటోను పోస్టుకార్డంత చేసి, మందు పళ్ళెంలో ఊపుతూ ఎర్రదీపం కింద చూసింది. ముందు కళ్ళద్దాలు తేలాయి, తర్వాత నుదుటి మీది గీతలు, వెనక అలమరలో సీసాల మీది అక్షరాలు. వేలెడు డబ్బాలోంచి ఇంత మనిషి వచ్చాడు! చేతి దగ్గర మాత్రం బ్రష్ లేదు, వేళ్ళు లేవు. ఏదో పొగలాంటిది ఉంది.

చెయ్యి కదిలింది, అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

మర్నాడు భోజనాల వేళ క్యారేజీలు విప్పుకుంటూ ఉండగా ఫోటో బయటికి తీసింది. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది.

"అబ్బ, సీసా మీద పేరు కూడా చదవొచ్చక్కా!" అంది పాలిషు అమ్మాయి.

బాబాయ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా చెయ్యేదమ్మా? పొగ పట్టిందే! నీళ్ళు పైకి తేవడానికి తడుతున్నానేమో అప్పుడు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పింగాణీ ముద్దలోని తడిని పైకి రప్పించడానికి పనిముట్టుతో సన్నగా తడుతూ ఉండడం ఆ పనిలో భాగమే. కానీ మైనమక్కకు అది తన షట్టరును అన్నట్టే వినిపించింది. ఎన్ని ఆదివారాలు కూర్చుని బాగుచేసింది దాన్ని!

"తట్టడం ఎంత బాబాయ్! ఈ షట్టరు ముందు ఈగ రెక్కయినా ఆగిపోవాల్సిందే. మీ చెయ్యి ఆగలేదంటే తప్పు కెమెరాది కాదు, మీదే. మీరు వయసు దాచుకున్నా ఫోటో దాచదు!"

అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయే. నవ్వుతూ నవ్వుతూ తన కుడిచేతికేసి ఒకసారి చూసుకుని, దాన్ని బల్ల కిందికి దించుకున్నాడు.

చిన్న ఓనరు గుమ్మం దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు. పెద్ద ఓనరు కొడుకు. తండ్రి పోయాక ల్యాబు చూసుకుంటున్నాడు. చిన్నప్పుడు బాబాయ్ ఒళ్ళో కూర్చుని ప్లాస్టరు ముద్దలతో ఆడుకున్నవాడే.

"ఏదక్కా, ఒకసారి చూడనీ," అన్నాడు. ఫోటో చూడ్డానికి మామూలుగా పట్టేదానికంటే ఎక్కువసేపే చూశాడు. "ఇది నా దగ్గరుంచుకోనా?"

"ఉంచుకో బాబూ, దానికేం! నేను ఇంకోటి వేసుకుంటాలే," అంది మైనమక్క. తన పనికి ఓనరు ముచ్చటపడ్డాడని లోలోపల పొంగిపోయింది కూడా.

ఆ వారం చివర్లో చిన్న ఓనరు ఆమెను తన గదిలోకి పిలిచాడు. ఆ మధ్య డాక్టర్ల దగ్గర నుంచి బాబాయ్ చేసిన రెండు పళ్ళు అంచు పెచ్చు ఊడి తిరిగొచ్చాయి. ఆ రెండూ బల్ల మీద దూది పెట్టెలో ఉన్నాయి. పక్కన ఫోటో ఉంది.

"అక్కా, రేపట్నుంచి మీరు పింగాణీ బల్ల దగ్గర కూర్చోండి."

"మరి బాబాయ్?"

"ఆయన ప్లాస్టరు చూసుకుంటారు. మాట్లాడాను. ఫోటో ముందు పెట్టాను, ఆయనేమీ అనలేదు. ఒప్పుకున్నారు."

మైనమక్క గుండెలో రాయి పడింది. అయినా వద్దని అనలేదు. ఎందుకు అనలేదో ఆమెకు తెలుసు. ఆ కిటికీ పక్క బల్ల మీద ఆమెకు ఎన్నేళ్ళుగానో కన్ను ఉంది. బాబాయ్ మానేసే రోజున అది తనకే వస్తుందని మనసులో అనుకోవడం ఉంది. ఆ రాయి కిందే ఎక్కడో సన్నగా సంతోషం లాంటిది కూడా కదిలింది. ఇంటికి వెళ్ళాక మొగుడికి ముందు చెప్పింది బల్ల సంగతి. బాబాయ్ సంగతి చెప్పడానికి పడుకునే వేళయింది.

"అయితే ఆయన్ని తీసి నిన్ను పెట్టారా?" అన్నాడాయన.

"తియ్యలేదు. వేరే పని ఇచ్చారు."

"తొట్టి దగ్గర," అన్నాడాయన. అటు తిరిగి పడుకున్నాడు.

తొట్టి దగ్గర బాబాయ్ మోచేతుల దాకా తెల్లగా ఉండేవాడు. ప్లాస్టరు కలపడం, అచ్చుల్లో పొయ్యడం, గట్టిపడ్డాక తియ్యడం. కొత్తగా చేరినవాళ్ళు చేసే పని. ఎవరినీ ఏమీ అనలేదు. "ఎవరి నోరమ్మా ఇది?" అని అడగడం మాత్రం మానేశాడు. కిటికీ పక్కన మైనమక్క తంటాలు పడుతుంటే, మధ్యాహ్నం వేళ వెనకగా వచ్చి నిలబడేవాడు.

"నీళ్ళెక్కువయ్యాయి. గుడ్డ అంచుతో పీల్చెయ్. ఆఁ, చాలు. ఇప్పుడు తట్టు."

"మీరోసారి చూపించండి బాబాయ్," అని బ్రష్ అందించబోయింది ఆమె.

ఆయన చేతులు వీపు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. అవి ముందుకు రాలేదు. "నువ్వే చెయ్యి. వస్తుంది," అన్నాడు.

ఒక ఉదయం ఆయన రాలేదు. ఆయన పనిలో ముందు కట్టుకునే గుడ్డ ఉతికి మడతపెట్టి తొట్టి పక్కన పీట మీద ఉంది. ఒంట్లో బాగాలేదట అన్నారు. తర్వాత మానేశాడన్నారు. చిన్న ఓనరు తొట్టి దగ్గరికి ఇంకెవరినో పెట్టాడు. మోటారు రొద ఎప్పటిలాగే ఉంది.

తర్వాతి ఆదివారం మొగుడికి డ్యూటీ పడింది. మైనమక్క ఆయనతోపాటు డిపోకి వెళ్ళింది. ఏదో ఒకటి చేస్తూ ఉంటే మనసు కుదుటపడుతుందని కెమెరా వెంట తీసుకుంది. ఎండ బాగా కాస్తోంది. ఆయన బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, పెద్ద దొరలా ఫోజు పెట్టాడు. పక్క బస్సు కమ్మీకి కెమెరాను ఆనించి తీసింది. వరసగా నిలిపిన బస్సుల్నీ తీసింది. డిపో నిండా ఇంజన్ల మోత.

మధ్యాహ్నం ఇంటికొచ్చి రీలు కడిగింది. ఈసారి మందు నీళ్ళు చల్లగా ఉండేట్టు చూసుకుంది. తీసి వెలుతురుకు పట్టుకుంటే పట్టీ మొత్తం బొగ్గులా ఉంది. ఎంత గట్టి వెలుతురుకు పట్టినా బస్సు జాడ కనపడితే ఒట్టు. ఒక బొమ్మలో మొగుడి ఆకారం మాత్రం దయ్యంలా ఉంది.

వెలుతురు ఎక్కువ పడినకొద్దీ నెగెటివ్ నలుపెక్కుతుంది. ఇంత ఎండలో ఇంత నల్లగా రావాలంటే షట్టరు తెరుచుకుని అలాగే ఉండిపోవాలి.

కెమెరాను చెవి దగ్గర పెట్టుకుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మీట నొక్కింది. టిక్కుమంది. కాస్త ఆగి, టక్కుమంది. మళ్ళీ నొక్కింది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఒక మనిషి కన్ను మూసి తెరిచేంత సందు ఉంది. అసలు ఆ రెండూ కలిసిపోయి ఒక్కటే వినపడాలి.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కెమెరా విప్పింది. భూతద్దంలోంచి చూసేసరికి షట్టరు రేకుల మీద ఇంద్రధనుసు రంగులు మెరిశాయి. నూనె. ఇరుసు దగ్గర పెట్టింది పాకి, రేకుల మధ్యకు చేరి, రెండింటినీ తడి కాగితాల్లా అంటించేసింది. కొలిమి వేడికి కరిగి పాకింది. కొలిమి మీద పెట్టింది తనే. చప్పుడు మెత్తగా పడాలని రెండోసారి సూది ముంచింది కూడా తనే.

పాత నెగెటివ్ తీసి చూసింది. ఇప్పుడు అందులో దాపరికం ఏమీ లేదు. మందు నీళ్ళు వేడెక్కడం కాదు ఆ నలుపు. తల కదలని మనిషి తల వచ్చింది, సీసాలు వచ్చాయి, పని చేస్తున్న చెయ్యి పొగైంది. ఆ షట్టరు ముందు ఎవరు పని చేసినా అంతే. తను చేసినా అంతే.

మొగుడు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె అలాగే బల్ల దగ్గర కూర్చుని ఉంది. జరిగింది చెప్పింది.

"చుక్క నూనేగా. తుడిచేస్తే పోదా?" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ.

"కెమెరాకి పోతుంది," అంది.

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆ బల్ల దగ్గర ఆయన కూర్చుని చాలా కాలమైంది. "రేపు వెళ్ళి చెప్పు. వాళ్ళిద్దరికీ చెప్పు," అన్నాడు.

మర్నాడు చిన్న ఓనరు ఆమెను నిలబెట్టకుండా కూర్చోమన్నాడు. ఆమె కెమెరా విప్పి, రేకులు చూపించి, రెండు నెగెటివ్‌లూ పక్కపక్కన పెట్టి చెప్పింది. అతను ఓపికగా విన్నాడు. అర్థం కాకపోలేదు.

"సరే అక్కా. కెమెరా తప్పే. అయితే?"

"అయితే ఏంటి బాబూ? ఆయన చెయ్యి బాగానే ఉంది. పిలిపించు. బల్ల ఆయనదే."

"ఫోటో చూసే ఆయన్ని మార్చాననుకుంటున్నారా?" అతను దూది పెట్టెను వేలితో అటూ ఇటూ జరిపాడు. "ఈ రెండు పళ్ళూ తిరిగొచ్చినప్పట్నుంచి అనుకుంటూనే ఉన్నాను. నోరు రాలేదు. ఆయన మొహం చూసి ఎలా చెప్పను? నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. మీ ఫోటో వచ్చాక నేను ఏమీ అనక్కర్లేకపోయింది. ఫోటో ఆయన ముందు పెట్టి ఊరుకున్నాను."

"రెండు పళ్ళు ఎవరికైనా తిరిగొస్తాయి. నాకు మొన్న ఒకటి తిరిగొచ్చింది."

"మీరు కొత్త కదక్కా," అన్నాడు అతను. కొంచెం ఆగి, "ఆయన ఒక్క మాట అని ఉంటే నేను ఆగేవాణ్ణి. నిజంగా. 'నా చెయ్యి బాగానే ఉందిరా' అని ఒక్క మాట. అనలేదు. తల ఊపారు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలోనూ సుఖం లేదు.

సాయంత్రం రేకుల మీది నూనె కడిగేసి, కెమెరా బిగించుకుని బాబాయ్ ఇంటికి వెళ్ళింది. తలుపు తీసింది పిన్ని. బాబాయ్ భార్యను మైనమక్క పిన్ని అనే పిలుస్తుంది.

"ఇప్పటికి గుర్తొచ్చామా!" అని నిష్ఠూరంగానే అంది పిన్ని. అంతలోనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "వచ్చావు, అదే చాలు. ఈయన్ని నువ్వయినా ఒక మాట అడుగు. పొద్దస్తమానం గ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసుకోవడం, చేత్తో ఎత్తి చూసుకోవడం. ఇల్లంతా తడి చేస్తున్నాడు."

"ఊరుకోవే," అన్నాడు బాబాయ్ కిటికీ పక్క కుర్చీలోంచి. ఆయన ముందు బల్ల మీద గ్లాసు ఉంది, దాని చుట్టూ నీళ్ళ మడుగు.

మైనమక్క కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేసింది. నూనె, కొలిమి, రెండు చప్పుళ్ళు, డిపోలో బొగ్గయిన రీలు. "మీ చెయ్యి కాదు బాబాయ్, నా షట్టరు. నేనే నోరు జారాను, అందరి ముందూ. మీరు తడుతున్నానేమో అన్నారు కూడా, నేను విననేలేదు."

బాబాయ్ శ్రద్ధగా విన్నాడు, పని గురించి ఎవరైనా చెబితే విన్నట్టే. కెమెరా ఇవ్వమన్నాడు. ఎడమ చేత్తో తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసి, లోపలికి తొంగి చూశాడు.

"ఇంత సన్న రేకులా! ఎంత శుభ్రంగా కడిగావు. నీకు వేళ్ళు కుదిరాయమ్మా."

"బాబాయ్, నేనేం చెబుతున్నానో..."

"విన్నాను." ఆయన కుడిచెయ్యి చాపాడు. అరచెయ్యి కిందికి, వేళ్ళు ముందుకి. వేళ్ళ కొసలు వణుకుతున్నాయి. కొంచెమే. అయినా వణుకుతున్నాయి. ముగ్గురూ దానికేసే చూశారు.

"ఇది అప్పుడుందో లేదో నాకు తెలీదు," అన్నాడాయన. "నిజంగా తెలీదు. ఇన్నేళ్ళూ నేను నా చేతికేసి చూసుకోలేదమ్మా. పన్ను వైపే చూశాను. బ్రష్ అక్కడికి వెళ్ళాలనుకుంటే వెళ్ళేది. చెయ్యి ఎలా వెళ్ళిందో ఎవడు చూశాడు? నువ్వు ఫోటో చూపించాక చూసుకోవడం మొదలుపెట్టాను. ఇక అది ఆగదు. చూసినకొద్దీ ఊగుతుంది."

"చూడకండి మరి!"

"ఆఁ, చూడకూడదనే చూస్తుంటాను," అని నవ్వాడు. ఆ నవ్వుకి మైనమక్క కళ్ళు తిప్పుకుంది.

పిన్ని ఊరుకోలేదు. "ఇప్పుడు బాగుచేశావు కదే ఆ కెమెరాని? అయితే ఇంకోటి తియ్యి. ఆ కుర్రాడి మొహాన పెట్టు. ఫోటోతో తీసేశాడు కదా, ఫోటోతోనే పిలుస్తాడు."

మైనమక్క బాబాయ్‌కేసి చూసింది. పిన్ని లోపలికి వెళ్ళి సన్న బ్రష్ ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని గాల్లో నిలబెట్టి, లేని పంటికి పొర పేరుస్తున్నట్టు పట్టుకున్నాడు. బ్రష్ కొస సన్నగా కొట్టుకుంటోంది. కిటికీలో సాయంత్రపు ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ఆమె సంచిలోని కొత్త రీలు ఎక్కించి, కిటికీ దిమ్మ మీద కెమెరాను ఆనించి, షట్టరును అన్నిటికంటే ఎక్కువ వేగానికి తిప్పింది. రేకులు ఇప్పుడు పొడిగా ఉన్నాయి. ఈ వేగానికి ఎంత వణికే చెయ్యయినా రాయిలా నిలబడిపోతుంది. ఆ సంగతి ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. నొక్కింది.

అనుకున్నట్టే వచ్చింది. ఇంటి దగ్గర ఎర్రదీపం కింద వేళ్ళు ఒక్కొక్కటే తేలాయి. గోళ్ళు, కణుపులు, బ్రష్ కొసన విడివిడిగా వెంట్రుకలు. చెక్కినట్టున్న చెయ్యి. మొగుడు భుజం మీదుగా చూసి, "ఇదీ చెయ్యంటే! రేపు పొద్దున్నే ఆ ఓనరు ముందు పెట్టు," అన్నాడు. ఆమె ఫోటోను ఆరేసింది.

మర్నాడు ల్యాబుకి వెళ్ళే ముందు బాబాయ్ ఇంటికే వెళ్ళింది. పిన్ని ఫోటో చూసి పొంగిపోయింది. బాబాయ్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. ఆయన చేతిలో ఫోటో అంచు సన్నగా అదురుతోంది. ఫోటోలో చెయ్యి నిశ్చలంగా ఉంది.

"ఇదెలా వచ్చింది?" అన్నాడు నెమ్మదిగా. అడిగిన తీరులోనే ఆయనకు తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది.

"వేగం పెంచాను బాబాయ్."

"పెంచితే దేన్నయినా ఆపేస్తుందా?"

"ఆపేస్తుంది."

ఆయన ఫోటోను ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. "వాడికి చూపించకు. చూపిస్తే పిలుస్తాడు. వాడు చెడ్డవాడు కాదు. పిలిస్తే ఆ బల్ల దగ్గర కూర్చుని నేనేం చెయ్యను? ఎవరి నోట్లోనో పెట్టాల్సిన పన్ను అది."

"నేనే కదా బాబాయ్, ఇదంతా..." అంది ఆమె.

"టైమైంది, వెళ్ళమ్మా. కొలిమి వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో తెలుసుగా," అన్నాడు. గుమ్మం దాకా వచ్చాడు. చేతులు వీపు వెనకే ఉన్నాయి.

ల్యాబులో కొలిమి వెలిగించింది. చిన్న ఓనరు అచ్చు ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. ముందు పన్ను, సాయంత్రానికి డాక్టరుకి అందాలి. ఫోటో ఆమె సంచిలో ఉంది. "ఏమైనా చెప్పాలా అక్కా?" అని అడిగాడు, ఆమె మొహం చూసి. ఏం లేదంది.

అచ్చును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఎవరి నోరో చీటీ మీద లేదు. పింగాణీ పొడి తడిపి, బ్రష్ కొసన తీసుకుంది. పంటి దాకా తెచ్చింది. తెచ్చాక, పన్ను మీద ఉండాల్సిన చూపు వేళ్ళ మీదికి వచ్చి ఆగింది. వేళ్ళు వణకడం లేదు. వణుకుతాయేమోనని చూస్తూ కూర్చుంది.

"అక్కా, అయిందా?" అని అరిచింది పాలిషు అమ్మాయి మోటారు రొద మీదుగా.

బ్రష్ మీది పొడి అప్పటికే ఆరిపోయింది. మళ్ళీ తడపాలి.